సంచి తరుగు

"ఇరవై కిలోలు పోస్తేనే మన ఇంటికి మర్యాద," అన్నది జ్ఞానమ్మ. పొద్దున నాష్టా దగ్గర మొదలైన మాట అది. మధ్యాహ్నం అన్నాలయ్యి, కంచాలు కడిగి బోర్లించాక కూడా ముందుగదిలో అట్లాగే నడుస్తున్నది.

"తగ్గింది పదకొండేనాయె. ఇరవై ఎట్ల పోస్తవమ్మా? దేవునికి అడ్వాన్సు ఇస్తవా?" అని కూతురు రాహేలు నవ్వింది.

"ఇస్తే ఏమాయె? మిగిలినయి ముందు ముందు తగ్గవా? ఆయనకు తెల్వదా?"

"తగ్గుతే గద! మూడు నెలలాయె, కాంట జరా కూడ కదుల్తలేదు. నా మాటిను. ఈయేడు ఏం పొయ్యొద్దు. సోమవారం ఫస్టు బస్సుకు పిల్లను హైదరాబాదు తోలుకపోదాం. నేను చెప్పిన డాక్టరు ఇంకొంచెం పేగు తీసి కుడ్తడు. వచ్చే కోత పండుగకు అన్ని ఒక్కపారే పోస్తువుగాని. ఏమంటవ్ తమ్మీ?"

తమ్ముడు జయానందం పాత పేపరు మడతపెట్టిన చప్పుడు మాత్రం వెనక వసారా దాకా వినిపించింది.

వెనక వసారాలో ఎలిశిబా పీట మీద కూర్చుని ఉంది. వాళ్ళు మాట్లాడుతున్న పిల్ల ఆమే, జయానందం భార్య, నలభై దగ్గరపడిన పిల్ల. ఒళ్ళో చిన్న గిన్నె, గిన్నెలో టీ కప్పుతో కొలిచిన అన్నం, పెసరపప్పు, రెండూ కలిపి గరిటె వెనకతో మెదిపినవి. ఇది ఆమె మధ్యాహ్నపు భోజనం. దీన్ని గంటసేపు తినాలి. ఒక్కొక్క ముద్ద నోట్లో నీళ్ళయ్యేదాకా నమలాలి, మధ్యలో నీళ్ళు తాగకూడదు, కడుపు నిండినట్టు అనిపించగానే గిన్నె పక్కన పెట్టాలి. జూన్ నెలలో హైదరాబాదు పెద్ద దవాఖానలో ఆమె పేగు కోసి, అన్నం పోయే దారిని దగ్గర చేసి కుట్టిన డాక్టరు చెప్పిన పద్ధతి ఇది. పైదేశం పోయి నేర్చుకొచ్చిన ఆపరేషన్ అన్నారు. మొదట్లో అందరూ ఆమె ముందే కూర్చునేవారు. ఒక వారం తర్వాత ఎవరికీ ఓపిక లేకపోయింది. వాళ్ళది పది నిమిషాల భోజనం, ఈమెది గంట. నములుతున్న మనిషిని చూస్తూ కూర్చోవడం ఎవరికి మాత్రం ఇష్టం? అందుకని ఆమే గిన్నె పట్టుకుని వెనక్కి వచ్చేసింది. ఇక్కడైతే గోడ మీద ఎండ ఉంటుంది, గోడకు అవతల చర్చి గోపురం సగం కనిపిస్తుంది, తోమిన బిందెల వాసన వస్తుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అన్నం తియ్యగా అయ్యేదాకా నమిలితే ఎంతసేపు పడుతుందో ఇన్నేళ్ళ బతుకులో ఈ అయిదు నెలల్లోనే తెలిసింది. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో గంట కొట్టేలోపు తినాలి, పళ్ళేలు తోమాలి, లైనులో నిలబడాలి. అక్కడి పిల్లలందరూ అన్నం మింగారే గాని ఎవరూ తినలేదు. అయినా అప్పుడు ఆమె సన్నగానే ఉండేది. అంత సన్నగా ఉండేది కాబట్టే కొత్త కోడలిని చూసి జ్ఞానమ్మ, గాలొస్తే ఎగిరిపోతది, దీనికి తినబెట్టుండ్రి అన్నది. ఆ తర్వాత నవోమి పుట్టింది, తర్వాత రెండు నిలవలేదు, తర్వాత బడిలో కుట్టు మిషను ముందు రోజంతా కూర్చోవడం, ఆ తర్వాత ఏమైందో ఆమెకే సరిగ్గా తెలియదు. తిండి ఎక్కువ అన్నారు అందరూ. ఒక్కరూ ఆమె కంచంలోకి వంగి చూడలేదు.

రెండో ముద్ద. నూట పద్దెనిమిది కిలోలు అని దవాఖానలో నర్సు గట్టిగా చదివింది, రాసుకునే ఆమెకు వినపడాలని. వరండాలో ఉన్న జ్ఞానమ్మకు కూడా వినపడింది. ఆ రాత్రి ఆ వరండాలోనే చాప మీద మోకరించి, ప్రభువా, దీన్ని పాణంతోని ఇంటికి తెస్తే తగ్గినంత బరువు బియ్యం కోత పండుగకు నీ పీఠం ముందు పోస్త అని మొక్కింది. జ్ఞానమ్మ తల్లి ఏడుపాయలకు పోయి అమ్మవారికి మొక్కేదట, కొడుకు బతికితే ఇది, ఎడ్లు బాగుపడితే అది అని. బాప్తిస్మం తీసుకున్నాక దేవుడు మారాడు, మొక్కే పద్ధతి మారలేదు. పాస్టరుగారు విని నవ్వి, కృతజ్ఞతార్పణ అనండమ్మా, మొక్కు అనకండి అన్నారు. ఏ పేరైతేనేం, బియ్యం బియ్యమే. అప్పటినుంచి ఎలిశిబా ఒళ్ళు ఎలిశిబాది కాకుండా పోయింది. తగ్గింది ఇంటిది, మొక్కు ఇంటిది, కోత పండుగనాడు సంఘం ముందు పాస్టరుగారు చదివే పేరు ఇంటిది. ఎవరింటికి పోయినా ముందు నడుము చూస్తారు, తర్వాత ముఖం చూస్తారు. కూరగాయల బాలనర్సమ్మ కూడా టమాటాలు తూచుకుంటూ, ఎంతకొచ్చినవమ్మా అని అడుగుతుంది, వంకాయల ధర అడిగినట్టు. అలసిపోయింది ఆమె. ఆకలికి అలసిపోలేదు, ఆకలి ఎప్పుడో చచ్చింది. దినానికి ఆరుసార్లు పెరట్లోకి పోయి రావడానికీ అలవాటు పడింది. ఈ చూపులకు అలసిపోయింది.

"మూడు నెలలు!" అంటున్నది రాహేలు లోపల. "మా ఎల్దుర్తిల గొడ్డుకు మందేస్తే ఎనిమిది దినాలల్ల తెలుస్తది."

"గొడ్డు, మనిషి ఒక్కటేనా అక్కా?" జయానందం.

"నేనేమన్న తప్పన్ననా? నీ పెండ్లాం మీద నాకు పాయిరం లేదా? పాయిరం ఉండబట్టేగద సోమవారానికి మాట్లాడొస్తి."

ప్రేమ లేదని ఎలిశిబా కూడా అనలేదు. ఆపరేషన్ అయ్యాక పద్దెనిమిది రోజులూ పక్కన ఉండి బెడ్‌పాన్ ఎత్తింది ఈ వదినే. అందుకే ఆమె మాట కొట్టివేయడం కష్టం. మూడో ముద్ద నాలుక మీద పెట్టుకుంది. సోమవారం అనే మాట కడుపులో కుట్టు దగ్గర తగిలింది. మళ్ళీ ఆ బల్ల, మళ్ళీ ఆ ముసుగు వాసన, ఒకటి రెండు మూడు లెక్కపెట్టమ్మా అనే గొంతు. నాలుగు అనలేకపోయింది అప్పుడు. తెలివి వచ్చేసరికి తొమ్మిది గంటలు పోయాయి. ఆ తొమ్మిది గంటలు ఎక్కడికి పోయాయో తెలియదు. మళ్ళీ అక్కడికి పోతే ఈసారి తిరిగి వస్తుందని ఎవరు చెప్పారు? ఇంటికి పంపేముందు డాక్టరు చిన్న గొంతుతో చెప్పాడు కదా, ఏడాదిన్నర పడుతుందమ్మా, నెలకు రెండు కిలోలు తగ్గినా నాకు సంతోషమే, తొందరపడేది మీ ఒళ్ళు కాదు, మీవాళ్ళు. జయానందం పక్కనే ఉన్నాడు, తల ఊపాడు. ఆయనకూ గుర్తుండే ఉంటుంది. కాని మొదటి రెండు నెలల్లోనే పదకొండు కిలోలు తగ్గాక ఆ మాట అందరూ మరిచిపోయారు. రెండు నెలల్లో పదకొండైతే ఏడాదికి ఎంత అని నవోమి తన లెక్కల నోటు వెనక అట్ట మీద వేసి చూపింది. జ్ఞానమ్మ స్త్రీల కూటంలో చక్కెర పంచింది. జయానందం చిలకాకుపచ్చ జాకెట్టు గుడ్డ కొనుక్కొచ్చి, ఇది నీకు, ఇప్పుడే కుట్టకు, పండుగ ముందు కొలత తీసుకో అన్నాడు. ఆ తర్వాత కాంట ఆగింది. వారం వారం నూట ఏడు, నూట ఏడు, నూట ఏడు.

కాంట అంటే గంజ్‌లో ధాన్యం దుకాణం కాంట. ఊళ్ళో మనిషిని తూచే మిషను ఎక్కడో ఉండొచ్చు, వాళ్ళకు నమ్మకమైనది ఇదే. గురువారం అంగడి ఉండదు, హమాలీలు ఉండరు. భూమయ్య ఒక్కడే ఉంటాడు. ముప్పై ఏళ్ళుగా సంచులు తూచిన మనిషి. మొదటిసారి ఆమె పలక మీద ఎక్కినప్పుడు ఆయన ముఖం గోడవైపు తిప్పుకుని, దండె మీద గుండ్లు తడుముకుంటూ పెట్టాడు, పరాయి ఆడమనిషి బరువు తూస్తున్నందుకు ఆయనకే సిగ్గు. బయట సైకిలు పట్టుకుని నిలబడిన జయానందానికి వినపడాలని అంకె గట్టిగా చెప్పేవాడు, సంచుల లెక్క చెప్పినట్టే. దండె మీది అంకె ఆమెకు కనిపించదు. ఆమె చూసేది భూమయ్య వీపు, ఆయన చెవి మీద పెట్టుకున్న బీడీ ముక్క. మొన్న గురువారం జయానందం రాలేదు. ఏముందిలే, మళ్ళ అదే చెప్తడు, నువ్వే పోయిరా అన్నాడు. ఆ మాట అన్నాక పశ్చాత్తాపపడ్డట్టు గొడుగు తెచ్చి ఇచ్చాడు, వాన లేదు, ఎండా లేదు. ఆమె ఒక్కతే ఎల్లం రిక్షాలో పోయింది. భూమయ్య గుండ్లు పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. అంకె చెప్పలేదు. బయటికి చూశాడు. సారు లేడా అని అడిగాడు. లేడన్నది. అప్పుడు ఆయన వచ్చి ఆమె దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"టీచరమ్మా, నేనొక తప్పు పని చేసిన. మొదట్ల మీరు కాంట ఎక్కేటప్పుడు మీ మొఖం జూస్తే నాకు పాణం ఒప్పలే. సంచికి తరుగు తీస్తం గద, గోనెకు కిలో అని, నా నోరు గట్లనే అలవాటు. మీ చీరెకు తరుగు తీసిన."

"చీరెకు కిలో ఉంటదా భూమయ్యా?"

"ఉండది. ఒక వారం కిలో తీసిన. మల్ల వారం తగ్గినట్టు చెప్పాలె గద, రెండు తీసిన. గట్ల పోయి పోయి ఆరు కిలోల దాంక తీసిన. మీరు నవ్వుకుంట పోతుంటిరి, సారు నవ్వుకుంట పోతుండె. ఆరైనంక నాకు భయమైంది. ఇంక తీస్తే కాంట ముందట కూసునే మొఖం ఉండదని ఆడికే ఆపిన. అప్పటిసంది వారం వారం గదే అంకె చెప్తున్న. మీరు మాత్రం తగ్గుతనే ఉన్నరమ్మా. ఎన్నడు ఆగలే. నా నోట్లనే ఆగినరు. ఇయ్యాల తరుగు తియ్యలే. ఇయ్యాల నిజంగనే నూట ఏడు."

అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. మొదటి రెండు నెలల్లో నిజంగా తగ్గింది అయిదే. మిగిలిన ఆరు భూమయ్య నోటి మాట. ఆ ఆరు ఈ మూడు నెలల్లో, నెలకు రెండు చొప్పున, ఎవరికీ కనిపించకుండా ఆమె ఒంటి మీది నుంచి పోయాయి. డాక్టరు చెప్పినట్టే. సరిగ్గా ఆయన చెప్పినట్టే. అందుకేనేమో జాకెట్ల పక్కకుట్లు రెండుసార్లు లోపలికి వేసుకోవలసి వచ్చింది. పాత గుడ్డ, సాగిపోయింది అనుకుంది ఆమె. ఏళ్ళ తరబడి పిల్లలకు కుట్టు నేర్పిన మనిషి, టేపు చేతిలో ఉండగా టేపును నమ్మకుండా భూమయ్య గొంతును నమ్మింది.

నాలుగో ముద్ద గిన్నెలోనే ఉండిపోయింది. కోపం రావాలి కదా అనుకుంది అప్పుడు, ఇప్పుడూ అనుకుంది. ఆ చక్కెర, ఆ చిలకాకుపచ్చ గుడ్డ, నవోమి వేసిన లెక్క, అన్నీ గోనెసంచి తరుగే. అవి పోతే పోయాయి. కాని ఈ మూడు నెలలు? కాంట ఆగిందని ఆమె రాత్రి గంజి మానేసింది. ఎవరికీ చెప్పకుండా గిన్నెలో సగం కుక్కకు వేసింది. బావి దగ్గర కళ్ళు తిరిగి గట్టు పట్టుకుని కూర్చుండిపోయింది. మోకరించి, ప్రభువా, నేనేం పాపం చేసిన, ఎందుకు తగ్గుతలేను అని అడిగింది. ఆయన ఏం చెప్తాడు, భూమయ్య చెప్పాలి గాని. నీ దయ నా కడుపు మీద పడ్డది భూమయ్యా అనాలనిపించింది. ఆయన నేల మీద కూర్చుని తువ్వాలు చివర వేలికి చుట్టుకుంటున్నాడు. పెండ్లాం ఆగమ్మ పోయిన ఏడాది చనిపోయింది. చివరికి ఎముకలే మిగిలాయి ఆమెకు. ఎంత పెట్టినా ఒళ్ళు పట్టలేదమ్మా అని అప్పట్లో ఊరంతా తిరిగి చెప్పాడు. ఆమెను కూడా ఈ కాంట మీదే తూచాడేమో, ఆమెకు ఎక్కువ చెప్పాడేమో. ఎలిశిబా అడగలేదు. సరే లే, ఎవ్వరికి చెప్పకు, నేను చెప్ప అన్నది. అన్నాక తెలిసింది ఎంత పెద్ద మాట అన్నదో. తప్పుడు అంకె చెప్పాడని తెలిస్తే గంజ్‌లో తూకం మనిషిని ఒక్క పూట కూడా ఉంచరు. రాహేలుకు తెలిస్తే అది గడియలో చౌరస్తా దాకా పోతుంది. చెప్పకపోతే సోమవారం బస్సు. చెబితే భూమయ్య. రెండు రోజులుగా ఈ రెండింటి మధ్యే అన్నం నములుతున్నది.

ఎండ గోడ మీది నుంచి తులసి లేని పాత కుండీ మీదికి, అక్కడి నుంచి ఆమె పాదాల మీదికి వచ్చింది. ఆమె పాదాలు చూసుకుంది. చూసుకోగలుగుతున్నది. గోర్లు పొట్టిగా, వంకరటింకరగా కత్తిరించి ఉన్నాయి. పొద్దున అందరూ చర్చి ఊడ్చి తోరణాలు కట్టడానికి పోయినప్పుడు ఇదే పీట మీద కూర్చుని, మోకాలు పైకి లాక్కుని, ఊపిరి బిగబట్టి వంగితే చెయ్యి అందింది. బొటనవేలికి అందింది, తర్వాత చిటికెనవేలికి కూడా. తొమ్మిదేళ్ళు అయింది ఆమె తన కాలివేళ్ళు ముట్టుకుని. తొమ్మిదేళ్ళుగా ఆ పని జయానందం చేశాడు. నెలకొకసారి, శనివారం ప్రార్థన అయ్యాక, గది తలుపు వేసి, దీపం వత్తి పెంచి, ఆమె పాదం తన ఒళ్ళో పెట్టుకుని. ఇది తల్లికి తెలియదు, అక్కకు తెలియదు, నవోమికి తెలియదు. మగవాడు పెండ్లాం కాళ్ళు పట్టుకున్నాడంటే నవ్వుతారని కాదు, ఆమె వంగలేదని ఇంకొకరికి తెలియడం ఆయనకు ఇష్టం లేదు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఒక్కసారి మాత్రం ఎక్కువ కత్తిరించి రక్తం వస్తే, ఆమెకంటే ముందు ఆయనే అబ్బా అన్నాడు. అంత ఓపిక ఉన్న మనిషికి కాంట ముందు ఓపిక ఎందుకు లేకపోయింది? ఆమె చచ్చిపోతుందని భయమేమో. ఆమె ఆయాసాన్ని రాత్రుళ్ళు పక్కన పడుకుని విన్నది ఆయనే కదా. భయపడ్డ మనిషి అంకెలనే పట్టుకుంటాడు.

నాలుగో ముద్ద తిన్నది. బడి బహుమతుల నాడు నవోమి అన్న మాట గుర్తొచ్చింది, అమ్మా, నువ్వు ముందట బెంచి మీద కూసోకు, వెనక కూసో. అంతే అన్నది, పిల్ల. ఆ మాటకే ఆమె ఆపరేషన్ బల్ల ఎక్కింది నిజానికి. మోకాళ్ళ నొప్పులు, చక్కెర రోగం అన్నీ డాక్టరుకు చెప్పిన కారణాలు. నిన్న రాత్రి మళ్ళీ ఆ పిల్లే ఆమె జాకెట్టు చంక దగ్గర పట్టుకుని, అమ్మా గిక్కడ వదులైంది చూడు అన్నది. అందరిలో ఆ ఒక్కతే కాంటను కాక గుడ్డను చూసింది. కుట్టు టీచరు బిడ్డ. జాకెట్టు పక్కకుట్టు ఒక్కసారే రెండంగుళాలు లాగి వేస్తే గుడ్డ ముడతలు పడుతుంది, చంక పిగులుతుంది. దారం పొడుగు చూసుకుని పావంగుళం, పావంగుళం వెయ్యాలె అని బడిలో ఎంతమంది పిల్లలకు చెప్పింది. చెప్పిన మాట తన ఒంటికి వర్తిస్తుందని అనుకోలేదు.

గిన్నెలో ఇంకా రెండు ముద్దలున్నాయి. కడుపు నిండినట్టు అనిపించింది. పక్కన పెట్టబోయి ఆగింది. నిండలేదు, భయం అది. మెల్లగా ఆ రెండూ కూడా తిన్నది. మూడు నెలల తర్వాత గిన్నె ఖాళీ అయింది. గోపురం గడియారం రెండున్నర కొట్టింది. గంట పట్టింది, సరిగ్గా. పీట మీద నుంచి గోడ పట్టుకోకుండా లేచింది. మొదటిసారి లేవలేకపోయింది, రెండోసారి లేచింది.

ముందుగదిలో జ్ఞానమ్మ కొత్త గోనెసంచి మూతి దబ్బనంతో కుడుతున్నది, ఇరవై కిలోలు పట్టేటట్టు. రాహేలు సంచి చేతిలోకి తీసుకుని ఇంత పెద్దది ఎందుకమ్మా అంటున్నది. నవోమి గుమ్మడికాయకు సుద్దతో పేరు రాస్తున్నది, రేపు ఆరాధన అయ్యాక వేలంలో పెట్టడానికి. జయానందం కుర్చీలో ఉన్నాడు. ఎలిశిబా వచ్చి, ఎప్పుడూ కూర్చునే బల్ల మీద కాకుండా, చాప మీద వాళ్ళ మధ్య కూర్చుంది, కాళ్ళు ముందుకు చాపి. జయానందం ముందు ఆమె ముఖం చూశాడు, తర్వాత పాదాలు చూశాడు. చూసిన చోటనే చూపు ఆగిపోయింది. వంకరగా కత్తిరించిన గోర్లు, బొటనవేలి పక్కన చిన్న గాటు.

"ఎవరు తీసిండ్రు?" అని చాలా మెల్లగా అడిగాడు.

"నేనే."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. రాహేలు ఆమెనూ, ఆయననూ మార్చి మార్చి చూసి, "ఏం తీసిండ్రు?" అన్నది.

ఎలిశిబా అత్త చేతిలోని సంచి అందుకుని, మూతి దగ్గర మడత వేసి, ఎంతవరకు కుట్టాలో గోటితో గీత గీసింది. గొంతు పెంచలేదు. "రేపు పదకొండే పోద్దాం అత్తమ్మా. తగ్గింది పదకొండే. బియ్యం గంజ్‌ల భూమయ్యతోనే తూపిద్దాం, తరుగు తియ్యకుంట. సోమవారం నేను ఏ బస్సు ఎక్క వదినా. డాక్టరు ఏడాదిన్నర అన్నడు, అయిదు నెలలే అయింది. మిగిలిన పదమూడు నెలలు నేను ఇంట్లనే ఉండి తగ్గుత."